కారే చెవి కథ
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, వీరులపాడు)



సుబ్బారావు గారి పేర మాట్లాడమంటే ఫోలిక్ ఆమ్లం గురించో, క్యాన్సర్ మందుల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను చెవి గురించి చెబుతాను. చెవి కారే పిల్లవాణ్ణి చూడనివాళ్లు ఈ సభలో ఉండరు. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసి, పెద్దయితే అదే తగ్గుతుందిలే అనుకుంటాం. నన్ను భయపెట్టేది ఆ మాటే.

ఒకప్పుడు కారే చెవి ప్రాణం తీసేది. చెవి వెనక చేతికి గట్టిగా తగిలే ఎముక మాస్టాయిడ్. దాని లోపల తేనెపట్టులా గాలి గదులుంటాయి. చీము వాటిలోకి చేరితే, పైనున్న పలుచటి ఎముకను దాటి మెదడుకు పాకేది. 1873లో జర్మనీ వైద్యుడు ష్వార్ట్సె, ఐజెల్‌తో కలిసి, ఆ ఎముకను ఉలితో తొలిచి చీము తీసే పద్ధతిని వివరించాడు. ఆ ఎముకలోనుంచే ముఖాన్ని కదిలించే నరం పోతుంది. ఉలి జారితే మూతి వంకరపోయేది. ఆ రోజుల్లో కత్తి పట్టినవాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి, వాళ్లకు లోపల ఏముందో ముందుగా తెలిసే దారి లేదు.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. సుబ్బారావు గారు భీమవరంలో పుట్టిందీ ఆ ఏడాదే. ఆ ఎక్స్‌రేలో చెవి వెనక గాలి గదులు నల్లగా, చీము పట్టినవి మసకగా కనిపించసాగాయి. అయితే ఎముకల నీడలన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి.

పెద్ద మలుపు మందుల వల్ల వచ్చింది. పెన్సిలిన్ తర్వాత, 1948లో, లెడర్లీ సంస్థ నుంచి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. దాన్ని కనిపెట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనలకు అధిపతి మన సుబ్బారావు గారు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఇలాంటి మందులు వచ్చాక పిల్లల చెవి వెనక ఉలి పెట్టాల్సిన అవసరం బాగా తగ్గింది.

తగ్గిందే గాని పోలేదు. కొన్ని చెవుల్లో చర్మం పెరగకూడని చోట పెరిగి, ఎముకను కొద్దికొద్దిగా తినేస్తుంది. దాన్ని కొలెస్టియటోమా అంటారు. నొప్పి పెద్దగా ఉండదు, కంపు కొట్టే చీము మాత్రం కారుతుంది. ఏ చుక్కల మందుకూ అది లొంగదు, ఆపరేషన్ చేసి తీయాల్సిందే.

1950లలో ఆపరేషన్ మైక్రోస్కోప్ చేతికొచ్చింది. వుల్‌స్టైన్, సోల్నర్ అనే జర్మన్ వైద్యులు చిల్లిపడిన కర్ణభేరిని, దాని వెనకున్న ఎముకలను తిరిగి కట్టే శస్త్రచికిత్సకు దారి వేశారు. 1956లో అమెరికాలో జాన్ షే, బిగుసుకుపోయిన స్టేపీస్ అనే చెవి ఎముకను తీసి కృత్రిమమైనది పెట్టాడు. మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక అది. అంతదాకా ప్రాణం దక్కితే చాలనుకున్న శస్త్రవైద్యం వినికిడినీ దక్కించడం మొదలుపెట్టింది.

1971లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కానర్‌తో తొలి రోగి తలను చిత్రించాడు. నేటి స్కాన్ చెవి ఎముకను మిల్లీమీటరు కన్నా పలుచని పొరలుగా చూపిస్తుంది. కొలెస్టియటోమా ఏ ఎముకను తినేసిందో, మెదడు కింది కప్పు ఎంత పలచబడిందో, ముఖ నరం ఎటు పోతోందో ముందే తెలుస్తుంది. ముక్కు వైద్యమూ అలాగే మారింది. సైనస్ కోసం పైపెదవి కింద కోసే రోజులు చాలావరకు పోయాయి, ఇప్పుడు ముక్కు రంధ్రంలోనుంచి ఎండోస్కోప్‌తో చేస్తున్నారు. పక్కనే కన్ను ఉంటుంది గనక అక్కడా ముందు స్కాన్ చూడాలి.

పుట్టు చెవుడుకు ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కోక్లియర్ ఇంప్లాంట్ వచ్చింది. 2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంలోకి ఈ ఆపరేషన్ కూడా చేరడం పేద ఇళ్లకు ఎంతో మేలు చేసింది. అయితే మాటలు నేర్చే వయసు దాటకముందే పిల్లను తీసుకెళ్లాలి, ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మాట శిక్షణ ఇప్పించాలి.

అమ్మలారా, అయ్యలారా, కారే చెవిలో నూనె పోయకండి, నీళ్లు పోనివ్వకండి. చీము కంపు కొట్టినా, వినికిడి తగ్గినా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. మూతి వంకరపోయినా, కళ్లు తిరిగినా, జ్వరంతో తలనొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. చప్పుడుకు ఉలిక్కిపడని పసిబిడ్డకు వెంటనే వినికిడి పరీక్ష చేయించండి.