అవ్వ వండిన నత్తల కూర

మన యానాదుల ఆచారాల మీద మాట్లాడమన్నారు. అవి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. నేను మా అవ్వ వంట గురించి చెబుతాను.

మాది గణపవరంలో కాలువ గట్టు. నిడమర్రు దాటి కొల్లేరు వైపు వెళ్లేకొద్దీ చేపల చెరువులే. నాన్న ఒక చెరువు మీద, బాబాయిలిద్దరూ వేరే చెరువుల మీద కాపలా. అడ్వాన్సు తీసుకున్నాక గట్టు దిగడం మన చేతుల్లో ఉండదు, మీకు తెలిసిందే. కానీ ఆదివారం పొద్దుగూకాక, వంతులేసుకునైనా సరే, అందరూ వచ్చి ఒక ముద్ద తినిపోవాలని అవ్వ పట్టు. రాలేనివాళ్లకి గిన్నె గట్టు మీదికే వెళ్లేది.

ఆ చెరువుల్లో శీలావతి, బొచ్చె లారీలకు లారీలు ఎక్కేవి. ఒక్క చేప ముట్టుకుంటే మేం దొంగలం. ఆ మాట మనకి కొత్త కాదు. మనవాళ్లని కూడా చేర్చిన నేరస్థ జాతుల చట్టం మీద వెన్నెలకంటి రాఘవయ్యగారి లాంటివాళ్లు పోరాడారు, అది 1952లో రద్దయింది. జనం నోళ్లలోంచి మాత్రం అంత తొందరగా పోలేదు. అందుకని అవ్వ ఎవరిదీ కానిదే వండేది. కాలువ కట్టేసిన రోజుల్లో బురదలో దొరికే మట్టగిడసలు, వానాకాలం నత్తలు, సార్వా కోతలప్పుడు ఎలుకలు. నవ్వకండి. బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టినందుకు రైతులు లెక్కగట్టి డబ్బులిచ్చేవారు. కలుగు తవ్వితే దొరికిన ధాన్యం మాది.

నత్తల్ని రాత్రంతా నీళ్లలో ఉంచేది, మట్టి కక్కాలని. పొద్దున్నే ఉడకబెట్టి పిన్నీసుతో కండ లాగడం పిల్లల పని. చివర నల్లటిది తీసెయ్యాలి. కల్లుప్పు వేసి జిగురు పోయేదాకా నలిపి, ఏడెనిమిది నీళ్లు కడిగేది. ఆ తర్వాతే ఉల్లిపాయలు, రోట్లో నూరిన కారం, కాస్త చింతపండు. ఆకలికి తిన్నాం, రుచికీ తిన్నాం. రెండూ నిజమే.

ఎనిమిదో తరగతిలో నేను హాస్టల్లో ఉన్నాను. ఒక ఆదివారం ఇంటికి రాలేదని అవ్వ క్యారేజీ పట్టుకుని వచ్చింది. మూత తియ్యకుండానే వాసన తెలిసింది. "ఎవరే ఆవిడ?" అని తోటి పిల్లలు అడిగితే "మా వీధిలో ముసలమ్మ" అన్నాను. అవ్వ విన్నది. గిన్నె నా చేతిలో పెట్టి, "మీ అవ్వ పంపిందమ్మాయ్, తిను" అని వెళ్లిపోయింది. ఆ కూర గోడవతల పారబోశాను. ఆమె పోయేదాకా ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మనలో కొందరికి 'కప్పల యానాదులు' అని తిండి మీదే పేరు పెట్టింది లోకం. ఎనిమిదో తరగతి పిల్లకి సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఆ గిన్నె తిరిగి రాదు.

పోయిన వానాకాలం మా హాస్టల్లో ఒక పిల్ల ట్రంకుపెట్టె వెనక డబ్బా దాచింది. వాసన పట్టేశాను. తిట్టలేదు, ఒక ముద్ద పెట్టమన్నాను. "ఉప్పు తక్కువైందే" అంటే, "మా అవ్వకి బీపీ మేడం, ఉప్పు వెయ్యదు" అంది. పక్కనున్న బుట్టాయగూడెం కోయ పిల్ల, వాళ్ల ఇంట్లో వెదురు కొమ్ముల కూర ఎలా చేస్తారో మొదలుపెట్టింది. ఆ రాత్రి స్టడీ అవర్ జరగలేదు, అది నా తప్పే.

వార్డెన్‌ని కాబట్టి ఒకటి చెప్పాలి. ఇప్పుడు చేలల్లో కొట్టే మందులు ఒకప్పటివి కావు. మందు కొట్టిన చేలో నత్తలు, ఎర పెట్టిన చోట ఎలుకలు ముట్టొద్దు. మిగతావి కూడా బాగా ఉడికించందే తినొద్దు.

ఇంకో మాట. అవ్వ కూర దించేముందు ఒక ఆకు తుంచి వేసేది. గట్టున పెరిగేది, కొంచెం పులుపు. దాని పేరు నేనెప్పుడూ అడగలేదు. గణపవరం, నిడమర్రు వైపు పిల్లల్లో ఎవరి అవ్వైనా ఉంటే కనుక్కుని చెప్పండి. సభ అయ్యాక భోజనాల దగ్గరే ఉంటాను.