హేస్టింగ్స్ గృహము – నల్లచెక్క వ్రాతబల్ల



కలకత్తాలోని ఆలీపూరున హేస్టింగ్స్ హౌస్ అను ప్రాచీన భవనము కలదు. తొలి గవర్నరు జనరలైన వారన్ హేస్టింగ్స్ తన నివాసమునకై దానిని కట్టించుకొనెను. వైస్రాయి కర్జన్ ప్రభువు దానిని ప్రభుత్వ అతిథిగృహము గావించెను. స్వాతంత్ర్యానంతరము స్త్రీల ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అచట నెలకొనెను.

రాత్రివేళ నాలుగు గుఱ్ఱముల బండి ఆ వాకిట నిలుచుననియు, హేస్టింగ్స్ దిగి గదిగదియు వెదకుననియు ప్రతీతి.

దయ్యము మాట యటుండనిండు. వెదకులాటకు మాత్రము అచ్చుపడిన సాక్ష్యమున్నది. 1785లో ఆయన స్వదేశమునకు మరలిపోవుతరి నల్లచెక్కతో చేసిన సొరుగుల వ్రాతబల్ల యొకటి కనబడకపోయెను. అందు రెండు చిన్న చిత్తరువులును, సొంత కాగితములును ఉండెను. దొంగలెత్తుకొనిపోయిరో, సామానుతోపాటు పొరపాటున వేలములో పోయెనో! 1787లో కలకత్తా గెజిట్ పత్రికయందు రెండువేల సిక్కా రూపాయల బహుమానము ప్రకటింపబడెను.

మరుసటి సంవత్సరమే లండనులో ఆయనపై మహాభియోగ విచారణ ఆరంభమయ్యెను. 1795లో నిర్దోషియని తీర్పు వచ్చువరకు ఏడేండ్లు ఆయన తన పాలనకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను. అట్టివానికి పోయిన కాగితముల వెల యెంతటిదో! ఒక్క ఫైలు కనబడనినాడు ఉద్యోగి పడు యాతన ఈ సభవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందొక చిత్రము. ఆ ప్రకటనలో పేర్కొన్నది ఆలీపూరు భవనము కాదు, ఎస్‌ప్లనేడులోని ఆయన వేరొక యిల్లు. పాపము, ఆలీపూరులో ఎన్ని రాత్రులు వెదకిన నేమి దొరకును?