కోడు మారినప్పుడు భారమెవరిది?

(ఇందిరాపురంలో జరిగిన వైద్య రికార్డుల, కోడింగు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు ఇక్కడి ఆసుపత్రులలో రికార్డుల విభాగాలలో పనిచేస్తున్నారు. మరికొందరు రహదారి దాటి నోయిడా ఆఫీసులకు వెళ్ళి అమెరికా ఆసుపత్రుల బిల్లులకు కోడులు వేస్తున్నారు. కంప్యూటరు ముందు కూర్చుండే వారికి సంఘమెందుకని అడిగేవారున్నారు. ఇప్పుడు మన ముందుకు వస్తున్న మార్పును పరిశీలిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

వ్యాధులకు అన్ని దేశాలలోను ఒకే జాబితా ఉండాలన్న ప్రయత్నం పాతదే. 1893లో ఫ్రెంచి గణాంక శాస్త్రజ్ఞుడు జాక్ బెర్టిలాన్ మరణ కారణాల జాబితాను ప్రతిపాదించాడు. 1948లో ఆ బాధ్యతను ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించింది. నేడు మనం వాడుతున్న పదవ సవరణ, అనగా ఐ.సి.డి.-10, 1990లో ఆమోదం పొందినది. పదకొండవ సవరణను 2019 మే నెలలో ఆమోదించారు. అది 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. అయితే దేశాలు తమ తమ వీలును బట్టి ఒక్కొక్కటిగా దానిలోనికి మారుతున్నాయి. అమెరికా బిల్లులు ఇంకను పదవ సవరణ కోడులతోనే నడుస్తున్నాయి.

ఈ కొత్త సవరణ కేవలం అంకెల మార్పు కాదు. ఒక మూల కోడుకు అనుబంధ కోడులను జోడించి వ్యాధి తీవ్రతను, శరీర భాగాన్ని, కారణాన్ని తెలియజేయవలసి ఉంటుంది. 2024 జనవరిలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ వ్యాధి నామాలు కూడ ఇందులో చేరినవి. వైద్యశాస్త్రం పెరుగుతున్నప్పుడు జాబితా పాతబడి ఉండరాదు. మార్పుకు మన సంఘం వ్యతిరేకం కాదు. మార్పు భారాన్ని ఉద్యోగి ఒక్కనిపైనే మోపుటకు మాత్రమే వ్యతిరేకం.

గత అనుభవాన్ని గుర్తుచేసుకుందాము. అమెరికా రెండుసార్లు వాయిదా వేసిన పిదప 2015 అక్టోబరు 1న తొమ్మిదవ సవరణ నుండి పదవ సవరణకు మారినది. రోగ నిర్ధారణ కోడులు సుమారు 14 వేల నుండి 69 వేలకు, ఆసుపత్రిలో చేరిన రోగుల చికిత్సా విధానాల కోడులు సుమారు 4 వేల నుండి 70 వేలకు పైగా పెరిగినవి. సెప్టెంబరు 30న డాక్టరుకు చూపించుకొని వెళ్ళిన రోగి కాగితానికి పాత కోడు, మరునాడు వచ్చిన వాని కాగితానికి కొత్త కోడు. కొన్ని నెలలపాటు రెండు పుస్తకాలను తలలో పెట్టుకొని పనిచేయవలసి వచ్చింది.

ఆ రోజులలో ఒక కంపెనీ ఉద్యోగుల తరఫున నేను యాజమాన్యంతో మాట్లాడాను. అక్కడ రోజువారీ కోటా ఒక్క కాగితం తగ్గలేదు. శిక్షణ ఆదివారాలలో, వేతనం లేకుండా. తప్పు దొరికితే ప్రోత్సాహకంలో కోత. మూడు వారాల సంప్రదింపుల తరువాత శిక్షణ గంటలను పని గంటలుగా అంగీకరింపజేయగలిగాము. కోటా తగ్గింపును మాత్రం సాధించలేకపోయాము. ఆ లోపం మనదే. మార్పు వచ్చి మీద పడిన తరువాత మేల్కొన్నాము.

ఇక రెండవ విషయం. ఇది మీ జీతానికి సంబంధించినది కాదు, సాటి కార్మికుని ప్రాణానికి సంబంధించినది. ఇక్కడికి దగ్గరలోనే, ఢిల్లీలోని లాల్ కువాఁ వద్ద ఒకనాడు రాతి క్రషర్లుండేవి. 1992లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అవి హర్యానాలోని పాలీకి తరలినవి. యంత్రాలు పోయినవి, దుమ్ము మాత్రం కార్మికుల ఊపిరితిత్తులలో మిగిలింది. సిలికోసిస్‌తో బాధపడుతున్న వారిలో పలువురికి క్షయ అని చెప్పి, ఆ మందులే ఇచ్చారు.

పదవ సవరణలో ఊపిరితిత్తుల క్షయకు ఎ 15, ఎ 16 కోడులు; సిలికా దుమ్ము వ్యాధికి జె 62; దుమ్ము వ్యాధితోపాటు క్షయ కూడ ఉంటే జె 65. క్షయ అని నమోదైతే అది రోగి దురదృష్టమవుతుంది. సిలికోసిస్ అని నమోదైతే అది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, యజమాని నష్టపరిహారానికి జవాబుదారీ అవుతాడు. డాక్టరు వ్రాయనిదానిని మీరు వ్రాయరాదు. అది మీ వృత్తి ధర్మం. కాని కేసు షీటులో "రాతి పని" అన్న మాట కనబడినప్పుడు ఆగి, డాక్టరును అడగవచ్చును. అలా అడగడానికి అయిదు నిమిషాలు కావాలి. కోటా మింగివేస్తున్నది ఆ అయిదు నిమిషాలనే.

కనుక యాజమాన్యాల ముందు, ప్రభుత్వం ముందు ఇప్పుడే ఈ కోర్కెలుంచుదాము:

1. కొత్త సవరణ శిక్షణ పని వేళలలో, పూర్తి వేతనంతో జరగాలి. పరీక్ష రుసుము యాజమాన్యమే భరించాలి.

2. మార్పు కాలంలో కోటాను తగ్గించి, నైపుణ్యం పెరిగిన కొలది మాత్రమే పెంచాలి.

3. ఆ కాలంలో జరిగే తప్పులకు జీతంలో కోతగాని, ఉద్వాసనగాని ఉండరాదు.

4. రోగి వృత్తిని కేసు షీటులో తప్పనిసరిగా వ్రాయించాలి; సందేహమున్నచోట డాక్టరును అడిగే సమయాన్ని పనిగా లెక్కించాలి.

మిత్రులారా, 2015లో మనకు లేని వ్యవధి ఈసారి ఉన్నది. ప్రతి ఆఫీసులో, ప్రతి రికార్డుల విభాగంలో ఈ నాలుగు కోర్కెలపై సంతకాలు సేకరించండి. పుస్తకం మారక ముందే ఒప్పందం వ్రాయించుకుందాము.