పొగకూ ఒక పద్దు



మిట్టేమరి చుట్టుపక్కల గోబర్ గ్యాస్ పొయ్యి వెలిగించిన అక్కచెల్లెళ్లకు కార్బన్ లెక్క కొత్త కాదు. బాగేపల్లి కూలీ సంఘం చేపట్టిన 5,500 గోబర్ గ్యాస్ ప్లాంట్ల పథకం 2005లోనే ఐక్యరాజ్య సమితి విధానం కింద నమోదయింది. ఎంత పొగ తగ్గిందో రాసిపెట్టాలి, బయటివాళ్లు సరిచూడాలి. పేదింటి పొయ్యికే ఇంత లెక్క ఉంటే, కరెంటు పుట్టించే పెద్ద పొయ్యికి ఉండదా? ఉంది. దాన్ని ఎలా చదవాలో ఈరోజు చెప్పుకుందాం.

మన బోరు మోటారుకు వచ్చే కరెంటులో రాయచూరు, బళ్లారి బొగ్గు కేంద్రాల పాలు కూడా ఉంది. బొగ్గు కేంద్రాల్లో పొగను తక్కెడలో తూచనక్కరలేదు. కాల్చిన బొగ్గును తూచి, అందులో కార్బన్ ఎంతో పరీక్షించి లెక్క కడతారు. కిలో కార్బన్ పూర్తిగా కాలితే మూడున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నుంచి ఈ లెక్కలు ప్రచురిస్తోంది. దేశం మొత్తం మీద యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలో పడుతోంది.

పది హార్స్ పవర్ మోటారు ఆరు గంటలు నడిస్తే దాదాపు 48 యూనిట్లు. అంటే ముప్పై కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్. కర్ణాటకలో పది హార్స్ పవర్ వరకు రైతుకు బిల్లు లేదు. బిల్లు లేకపోయినా పొగ మాత్రం ఉంది.

మరి మనకు కరెంటు పంచే బెస్కాంకు పొగగొట్టం లేదు కదా అంటారేమో. అలాంటి సంస్థలకూ పద్దు ఉంటుంది. తీగల్లో వృథాగా పోయే కరెంటు ఒక పద్దు, కొని మనకు అమ్మే కరెంటు మరో పద్దు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు 2022-23 నుంచి సెబీ నియమం ప్రకారం తమ పొగ లెక్కలు ఏటా ప్రకటించాలి.

ఇక్కడొక జాగ్రత్త. "యూనిట్‌కు పొగ తగ్గించాం" అంటే సంతోషమే. కానీ యూనిట్లు పెరిగితే మొత్తం పొగ పెరిగే ఉండవచ్చు. బస్తాకు ఖర్చు తగ్గిందని మురిసిపోయి, మొత్తం అప్పు చూసుకోని రైతు ఉంటాడా? రెండు అంకెలూ అడగాలి.

తగ్గించే దారులు లేకపోలేదు. పక్కనున్న తుమకూరు జిల్లా పావగడలో, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్న దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. ఆ కరెంటు పుట్టేది పగలే. త్రీఫేజ్ కూడా పగలే ఇస్తే బొగ్గు మిగులుతుంది, తీగల మీద రాత్రి భారం తగ్గుతుంది. రైతుకు చీకట్లో పాము పుట్రల మధ్య మడవ కట్టే బాధా తప్పుతుంది.

కాబట్టి ఈసారి కరెంటు అధికారులు గ్రామసభకు వస్తే, కరెంటు ఎన్ని గంటలని మాత్రమే కాదు, ఏ వేళలో అని కూడా అడగండి. తీగల్లో నష్టం ఎంత తగ్గిందో అడగండి. మన పొయ్యి లెక్క మనం చెప్పాం. వాళ్ల పొయ్యి లెక్క అడిగే హక్కు మనకుంది.