మానిన గాయము, మిగిలిన మచ్చ



ఇల్లు కూలినచో ఊరందరికిని కానవచ్చును. మనస్సు కూలినచో ఇంటివారికైనను కానరాదు. అట్టి మనోగాయమునకు క్రైస్తవ విశ్వాసము చూపెడు చికిత్స యేది? అందు గ్రామపెద్దలమైన మన పాలెంత? ఇదియే నేటి ప్రసంగవిషయము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు గాయములు క్రొత్తవి కావు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకొరగెను. పిదప సాగిన సాయుధపోరాటకాలమున కొడుకులను పోగొట్టుకొన్న తల్లులెందరో! 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు జనులు ఇండ్లకప్పులెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. కొందరు వరదలో కొట్టుకొనిపోయిరి. నీరు తీసిన పిదప ఇల్లు కడుగుకొనవచ్చును. వానచప్పుడు వినినంతనే ఉలికిపడు గుండెను కడుగుటెట్లు?

ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. మా ఊర గట్టుతగాదాలో ఒక ఇల్లాలి భర్త ప్రాణము కోల్పోయెను. కొట్టినవాడు శిక్ష ముగించుకొని ఊరికి తిరిగివచ్చెను. ఆమె ఏడ్చుచు నా యొద్దకు రాగా, “జరిగినదేదో జరిగినది బిడ్డా. ప్రభువు క్షమింపుమనెను గదా, మరచిపొమ్ము” అంటిని. ఆమె మారుమాటాడక వెడలిపోయెను. నాటినుండి ప్రార్థనకు రాదయ్యెను. ఏడాది గడచిన పిమ్మట నేనే ఆమె వాకిటికి పోయి కారణమడిగితిని. “మర్చిపొమ్మంటిరి గాని అయ్యా, ఏమైందని ఒక్కనాడన్న అడిగిండ్రా?” అని ఆమె యనెను. నేను తల వంచుకొంటిని. ఆనాడు దీపాలవేళవరకు ఆమె యింటి అరుగుపై కూర్చుండి, ఆమె చెప్పినదెల్ల వింటిని. సలహా యొక్కటియు చెప్పలేదు.

ఇంటికి వచ్చి ఆదికాండములోని యోసేపు కథను మరల చదివితిని. పదునేడేండ్ల ప్రాయమున అన్నలు ఆయనను అమ్మివేసిరి. ఐగుప్తులో అధికారియైన పిదప తొలి కొమారునికి మనష్షే యని పేరిడెను. ఆ పేరు మరపును సూచించును. ఐనను ఇరువదేండ్లు దాటిన తరువాత అన్నలు ధాన్యమునకై రాగా ఆయన పక్కకు తొలగి యేడ్చెను; రెండవమారు గదిలోనికి పోయి యేడ్చి ముఖము కడుగుకొనెను; మూడవమారు ఆ రోదనము ఫరో యింటివారికి సైతము వినబడెను. మరచితిననుకొన్నది లోపల నిలిచియే యుండెను. ఆయన అన్నలను చూచినంతనే కౌగిలించుకొనలేదు. వారి గుణమును పరీక్షించెను. తమ్మునికి బదులు తానే దాసుడనగుదునని యూదా ముందునకు వచ్చిన పిమ్మటనే తన్నెరుకపరచుకొనెను.

కావున క్షమయనగా అన్యాయమును న్యాయమనుట కాదు. పగతీర్చుకొను పనిని దేవునికి విడిచిపెట్టుట. అది గాయపడినవారి సమయమున రావలెను గాని పెద్దల తొందరవలన కాదు. పునరుత్థానుడైన క్రీస్తు సహితము తోమాకు గాయపుగురుతులను చూపెను. గాయము మానుటయనగా మచ్చ మాసిపోవుట కాదు.

మహబూబాబాదు జిల్లాలోని దోర్నకల్లును తలచుకొనుడు. 1912లో ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్యగారు 1945లో కన్నుమూయువరకు ఆ ఊరు కేంద్రముగా సేవచేసిరి. ఆయన సంఘములలో చేరినవారు పెక్కండ్రు తరతరముల అవమానమును మోసిన మాల మాదిగ కుటుంబములవారు. అట్టి బరువు ఒక్క రాత్రి సభతో దిగునది కాదు. పల్లెలోనే కాపురముండు ఉపదేశకుడు, పనినుండి వచ్చినవారితో సాయంకాల ప్రార్థన, కష్టసుఖములు విను సంఘము: ఇవియే దానికి తగిన నిదానమైన మందు.

ఇక మనము చేయదగినవి. ఏమి జరిగినదని అడుగుడు. విన్నదానిని రచ్చబండకు తేకుడు. దోషిని బాధితుని బలవంతముగా చేతులు కలిపింపకుడు. నేరమైనచో న్యాయస్థానమునకు పోనిండు. నిద్ర పట్టకున్నను, చావుతలంపులు వచ్చుచున్నను వైద్యునియొద్దకు గొనిపొండు. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా మాటసాయము దొరకును. ప్రార్థించువాడు మందు మానవలెనని చెప్పకుడు. అపొస్తలుడైన పౌలు ప్రియమిత్రుడు లూకా వైద్యుడే గదా!

ఆ ఇల్లాలు కొన్నినెలలకు ప్రార్థనకు మరల రాసాగెను. ఆ మనుష్యుని క్షమించెనా లేదా యని నేనడుగలేదు. అది ఆమెకును దేవునికిని నడుమనున్న మాట. నా వంతు ఆ అరుగుపై కూర్చుండుటయే. దానిని ఏడాది ఆలస్యముగా చేసితిని. మీరు ఆలస్యము చేయకుందురుగాక.