వద్దనే వోటుకు చోటుండాలా?

(పుర కార్యాలయాల తెలుగు సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగులు తమ ఆలోచనలను వ్రాసి, ఒకరి ఆలోచనపై మరొకరు వోటు వేసే సాఫ్ట్‌వేర్ మీలో చాలామంది పనిచేసే చోట ఉన్నది. మా కార్యాలయానికీ నిరుడు వచ్చింది. నచ్చితే పై బాణం, నచ్చకపోతే క్రింది బాణం నొక్కాలి. ఆ క్రింది బాణాన్ని తీసివేయాలన్న వాదం ఇప్పుడు బలంగా వినిపిస్తున్నది. ఆ బాణం దెబ్బ నాకూ తగిలింది కనుక రెండు మాటలు చెప్పనివ్వండి.

చెత్త సేకరణ వేళలు తెలిపే కరపత్రాన్ని కన్నడంతోపాటు తెలుగులోనూ అచ్చు వేయాలని నేను ప్రతిపాదించాను. కర్ణాటక నగరాల పౌరకార్మికులలో తెలుగు ఇంటిభాషగా గలవారు ఎందరో మీకు తెలియనిది కాదు. మరునాటికి అనుకూలం 9, వ్యతిరేకం 31. తెరపై కనిపించినది మాత్రం ఒకే అంకె: మైనస్ 22. ఆ రోజు అన్నం సయించలేదు. ఇది తెలుగుమీది ద్వేషమేనని నిశ్చయించుకున్నాను.

వారం తరువాత, వీధులూడ్చే పనిలో తల నెరిసిన ఒక అక్క నాతో అన్నది: "నువ్వు అచ్చేస్తే సదివేదెవురు నాయనా? నాకు సదువు రాదు. నా పిల్లోళ్ళు కన్నడ బళ్ళో సదివినారు. బండి మైకులో చెప్పించు." ఆమెకు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఖాతా లేదు, వోటూ లేదు. అయినా 31 బాణాలు చెప్పలేని సంగతి ఆమె చెప్పింది. తరువాత విచారిస్తే, వ్యతిరేకించినవారిలో కొందరి ఉద్దేశమూ అదే. కొందరిది ఖర్చు భయం. ఒకరిద్దరు భాష గిట్టకనే నొక్కి ఉంటారు, ఉండనివ్వండి. ఆ అంకె అందరినీ ఒకే గంపలో వేసింది.

అందుచేత క్రింది బాణమే దోషి అనలేను. ఫేస్‌బుక్ 2009లో మెచ్చుకోలు బొత్తాన్ని తెచ్చింది గాని దానికి ఎదురు బొత్తాన్ని తేలేదు. యూట్యూబ్ 2021లో అయిష్టాల సంఖ్యను చూపరులకు కనబడకుండా చేసింది. బొత్తాన్ని మాత్రం ఉంచింది. ప్రోగ్రామర్ల స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకరి జవాబును క్రిందికి నెట్టినవారు తమ సొంత గుర్తింపులో ఒక పాయింటు పోగొట్టుకుంటారు. ఈ చివరి పద్ధతి నాకు నచ్చింది. వద్దనడానికి కొంచెమైనా మూల్యం ఉంటే చేయి ఒక క్షణం ఆగుతుంది.

పేర్లు బయటపెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. ఎవరికీ వోటు వేయననే పౌరుడు ఒకప్పుడు పోలింగు అధికారికి ఆ సంగతి చెప్పి నమోదు చేయించుకోవలసి వచ్చేది. రహస్యం అక్కడే పోయేది. 2013లో సుప్రీం కోర్టు దానిని తప్పుపట్టి, యంత్రంపై 'పై వారెవరూ కాదు' అనే మీటను పెట్టించింది. ఎన్నికలలోనే అంత అవసరమైన రహస్యం, పై అధికారి ఆలోచనను కాదనవలసిన గుమాస్తాకు అక్కరలేదా?

నా మనవి ఇది. బాణం ఉండనివ్వండి. అనుకూలాన్నీ వ్యతిరేకాన్నీ విడివిడిగా చూపండి. 40 మంది ఔనని 40 మంది కాదన్న ఆలోచనా, ఎవరూ చూడని ఆలోచనా ఒకే సున్నా కాకూడదు. కాదన్నవారు పేరు లేకుండానే ఒక వాక్యం కారణం వ్రాయాలి. ఒక భాషవారికో ఒక వాడవారికో మాత్రమే సంబంధించిన ప్రతిపాదనను మొత్తం లెక్కతో కొట్టివేయకుండా, ముందు ఆ కొద్దిమందినీ అడగాలి, వారికి ఖాతా లేకపోతే వీధిలోకి వెళ్ళి అడగాలి.

నా ప్రతిపాదన చెత్తబండి మైకు ప్రకటనగా మారి మళ్ళీ వోటుకు వచ్చింది. ఈ ఉదయానికి వ్యతిరేకం 11. ఒకరు తమంతట తామే కారణం వ్రాశారు: ఆ ప్రకటన పుస్తకాల తెలుగులో ఉంటే ఎవరికీ అర్థం కాదట. వ్రాసినది నేనే కనుక, దానిని ఆ అక్కకు వినిపించి తిరగరాయవలసి ఉన్నది.