లోయ మీది స్టేషన్



ఇవాళ ఎవరి స్మృతిలో ఇక్కడ కలుసుకున్నామో, ఆ మాస్టారికి ఉక్కు కమానులంటే ప్రాణం. అందుకే ఒక కమాను గురించి, దాని మీద కూర్చున్న రైలు స్టేషన్ గురించి మాట్లాడదామని వచ్చాను. న్యూయార్క్ నగరంలో, బ్రాడ్‌వే మీద, 125వ వీధి స్టేషన్ అది.

హైదరాబాద్ మెట్రో మొదటి దశ అంతా స్తంభాల మీదే నడుస్తోంది కనుక ఎత్తున ఉండే స్టేషన్ మనకు కొత్త కాదు. న్యూయార్క్‌లోని ఈ స్టేషన్ ఉన్న లైను మాత్రం భూగర్భ రైలు. దక్షిణాన 122వ వీధి దగ్గర సొరంగంలోంచి బయటపడుతుంది, ఉత్తరాన 135వ వీధి దగ్గర మళ్లీ సొరంగంలోకి పోతుంది. ఆ మధ్యలో నేల లోయలా దిగిపోతుంది. పట్టాలు నేలతోపాటు దిగకుండా ఎత్తులోనే సాగిపోవడంతో, సొరంగంలోంచి వచ్చిన రైలు రోడ్డుకు సుమారు 55 అడుగుల పైన తేలుతుంది. ఇదే లైనులో మరికొంత ఉత్తరాన 191వ వీధి స్టేషన్ దాదాపు 180 అడుగుల లోతున ఉంది. గుట్టలూ పల్లాలూ ఉన్న నేల మీద సమంగా పట్టాలు వేయడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ రెండు స్టేషన్లూ చాలు.

ఈ లోయలో 1806లో మాన్‌హట్టన్‌విల్ అనే ఊరు వెలిసింది. న్యూయార్క్ వీధులన్నిటినీ గళ్లుగళ్లుగా గీసిన పటం వచ్చింది 1811లో. అంటే ఊరు ముందు, పటం తర్వాత. హడ్సన్ నది రేవుకు పోయే ఆ ఊరి పెద్దవీధి గళ్లతో పొసగకుండా ఏటవాలుగా మిగిలిపోయింది. దాని పేరు మాన్‌హట్టన్ వీధి. 1904 అక్టోబర్ 27న మొదటి భూగర్భ లైనుతోపాటే ప్రారంభమైన ఈ స్టేషన్‌కూ ఆ పేరే పెట్టారు. 1920లో ఆ వీధి 125వ వీధి అయింది.

ఆ లైనుకు ప్రధాన ఇంజనీరు విలియం బార్క్లే పార్సన్స్. 1900లో కాంట్రాక్టు కుదిరింది మూడున్నర కోట్ల డాలర్లకు. లోయ దాటించడానికి ఆయన చాలా మేర ఉక్కు స్తంభాలే నిలబెట్టాడు. మాన్‌హట్టన్ వీధి దగ్గర మాత్రం ఆ పద్ధతి మానుకున్నాడు. వీధి ఏటవాలు, పైగా వెడల్పు. నడుమ స్తంభం దించితే బండ్లకు అడ్డం. అందుకని 168.5 అడుగుల కమాను ఒక్క అంగలో వేసి, వీధిని వీధిగానే వదిలేశాడు. నా దృష్టిలో ఈ కట్టడంలో అన్నిటికన్నా గొప్ప విషయం అదే. వేల మంది ఎక్కే రైలైనా సరే, తనకన్నా ముందున్న దారిని తొక్కిపెట్టలేదు.

కమాను పాదం దగ్గర నిలబడి చూడాలి. ఆ ఒక్క అంగలోనే మూడు కమానులు పక్కపక్కన ఉంటాయి. ఒక్కొక్కటీ రాతి దిమ్మె మీదికి దిగేచోట బాగా సన్నబడి ఒక కీలు మీద ఆనుతుంది. ఎండకు ఉక్కు సాగినా, చలికి కుంచించుకుపోయినా, రైలు బరువు పడినా ఆ కీలు దగ్గర కాస్త తిరగడానికి వీలుంటుంది. అంత బరువూ ఆ ఒక్క బిందువులోంచి నేలలోకి దిగుతుంది. మాస్టారి శిష్యులకు ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక స్టేషన్ అమరిక. రోడ్డు మీంచి ఎస్కలేటర్ ఎక్కితే పట్టాల కింద వేలాడుతున్నట్టుండే హాలుకు చేరతాం. టికెట్ గేట్లు అక్కడే. 1904 నాటి స్టేషన్‌కు ఎస్కలేటర్ పెట్టడం ఆ రోజుల్లో సామాన్యమైన సంగతి కాదు. హాలులోంచి మెట్లెక్కితే రెండు పక్కలా రెండు ప్లాట్‌ఫామ్‌లు, నడుమ మూడు పట్టాల వరసలు. ఆగే రైళ్లు అంచు వరసల మీద నడుస్తాయి. మధ్య వరస ఎక్స్‌ప్రెస్‌ల కోసం వేసింది, రోజువారీ రైళ్లకు దానితో పని లేదు. కింది హాలు ఉండబట్టే దక్షిణానికి పోవాలన్నా, ఉత్తరానికి పోవాలన్నా ఒకే గుమ్మం సరిపోతుంది.

1940లో ఈ లైను ప్రైవేటు కంపెనీ చేతిలోంచి నగరం చేతికి వచ్చింది. 1948లో పది పెట్టెల రైలు పట్టేలా ప్లాట్‌ఫామ్‌లు పొడిగించారు. అంతదాకా కదలని ఐదు సెంట్ల టికెట్ పది సెంట్లయిందీ ఆ ఏడే. 1981లో నగరం ఈ వంతెనను చారిత్రక కట్టడంగా గుర్తించింది.

చప్పుడు మాటా చెప్పాలి. వంతెన పక్కనే కొలంబియా విశ్వవిద్యాలయం కొత్త ప్రాంగణం కట్టింది. ఆ స్థలాల సేకరణ మీద స్థానికుల వ్యాజ్యం 2010లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది, తీర్పు విశ్వవిద్యాలయం వైపు వచ్చింది. రెంజో పియానో రూపకల్పన చేసిన అక్కడి పరిశోధన భవనం 2017లో తెరుచుకుంది. రైలు మోత లోపలికి రాకుండా దాని గోడలు రెండు పొరల అద్దంతో కట్టారు. అద్దానికి ఇవతల, 125వ వీధి పక్కనే ప్రభుత్వం కట్టిన గ్రాంట్ హౌసెస్ అపార్టుమెంట్లున్నాయి. అక్కడి కిటికీలకు అలాంటి రెండో పొర లేదు. రైలు పోయినప్పుడల్లా మోత వాళ్లు వినాల్సిందే.